ట్యూబ్ ఆంప్లిఫయరూ, నా బంగారు చెవులూ

ఇంగ ఈపొద్దు నుంచి నా చెవులను ఎవరూ మెచ్చుకోగూడదు, ముందే చెప్తాండా. "అన్నకు మంచి చెవి ఉండాది, శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తాడు" అని మీరే కదప్పా ఇన్నేండ్లు నన్ను మునగచెట్టు ఎక్కించింది! ఎక్కినా. ఆదివారం ఆదోనిలో, కల్యాణమండపం నిండా జనం చూస్తాండంగ, దాని మీద నుంచి పడినా. టీ చెప్పండి, మొత్తం చెప్తా. నవ్వొస్తే నవ్వండి. మా ఇంటామె మూడు దినాల నుంచి నవ్వుతానే ఉండాది, ఇంగ మీరు నవ్వితే పోయేదేముంది.

మొదట్నుంచి వస్తా. ఎమ్మిగనూరులో నా జెరాక్స్ అంగడి సంగతి మీకు తెలిసిందే. స్కూళ్ళు తెరిచినప్పుడు జనం, మిగతా దినాలు ఈగలు. ఆ ఈగలు తోలుకుంటా ఫోన్లో వీడియోలు చూస్తాంటి. పెండ్లిండ్లలో గిటారు వాయించేటోడికి ఫోను ఏం చూపిస్తాది? ట్యూబ్ ఆంప్లిఫయర్లు చూపిస్తాది. మామూలు ఆంప్లిఫయర్లో చిప్పులుంటాయి. దీంట్లో మన తాతల కాలం రేడియోలో మాదిరి గాజు ట్యూబులు. స్విచ్ వేస్తే ఎర్రగా వెలిగి వేడెక్కుతాయి. అప్పుడొచ్చే సౌండులో "వెచ్చదనం" ఉంటాదంట! వీడియోలో తెల్లోడు ఒక తీగ మీటి, కండ్లు మూసుకొని, తల ఊపుతాడు. నేనూ అంగడిలో కూర్చొని తల ఊపుతాంటి. జెరాక్స్‌కు వచ్చినోళ్ళు "ఏమన్నా, మెడ నొప్పా?" అని అడిగిపోతాండ్రి.

ఆ వెచ్చదనం నాకు యాడ వినపడిందనుకుంటున్నారు? పగిలిన ఫోనులో, వేలి గోరంత స్పీకర్లో! అయినా మూడు నెలల్లో నేను ఆ సబ్జెక్టులో డాక్టరైపోయినా. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ప్రకాశు ఉండాడు కదా, వానితో ఒకదినం, "ఒరే, నీ కీబోర్డు సౌండు శానా సల్లగా ఉండాదిరా" అని చెప్పినా. పాపం వాడు కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పదేండ్ల నుంచి నాకు అన్నం పెడతాండే నా పాత ఆంప్లిఫయరుకు "రేకు డబ్బా" అని పేరు పెట్టినా. దాన్ని ముట్టుకోవడానికే నామోషీ అయిపోయింది నాకు.

అట్లాంటి టైములో ప్రకాశుగాడే ఒక వార్త మోసుకొచ్చినాడు. ఆదోనిలో సులేమాన్ భాయ్ అని పెద్దాయన. ఒకప్పుడు బెంగుళూరు హోటళ్ళలో గిటారు వాయించినాడు, ఇప్పుడు మైక్ సెట్ అంగడి పెట్టుకున్నాడు. ఆయన దగ్గర ఒక ట్యూబ్ ఆంప్లిఫయర్ ఉండాది, నడుం నొప్పితో మోయలేక అమ్మేస్తాండాడంట. ఇంగ నిలుస్తానా? అంగడికి తాళం వేసి ఆదోని బస్సెక్కినా.

చూస్తానే మనసు పారేసుకున్యాను అప్పా! మీగడ రంగు పెట్టె. ముందర గోధుమ రంగు గుడ్డ. పైన తోలు పిడి. ఎనక్కి పోయి తొంగి చూస్తే రెండు పెద్ద ట్యూబులు, మూడు చిన్న ట్యూబులు. భాయ్ అంగడిలో కరెంటు లేదు, సౌండు వినలేదు. వినాల్సిన పని గూడ నాకు కనపడలే. "ఇదే భాయ్! ఇదే టోను!" అని చెప్పేసినా. టోను ఏంది, పెట్టె ఇంకా నోరే తెరవలేదు.

భాయ్ మంచోడు. "భాయ్, తొందర నక్కో, తొందరేం వద్దు. తీస్కపో. ఆదివారం మీ ప్రోగ్రాం ఈడ ఆదోనిలోనే కదా? దాంట్లో వాయించి చూడు. నచ్చితే నీది, ల్యాకుంటే నాది" అన్నాడు. అంతవరకు బాగుంది. తర్వాత, "జర ఆగు, ఎనక రెండు స్విచ్చులుంటాయి, ఒకటి..." అని మొదలుపెట్టినాడు.

"భాయ్! మూడు నెలలు చదివినా. నాకా చెప్తాండావు?" అన్నా.

ఆయన నన్ను ఒకసారి కింద నుంచి మీదికి చూసి, "సరే, పెద్దోనివి" అన్నాడు. "ఇదొక్కటన్నా విను. ఆదోని కరెంటు తెలుసు కదా, వోల్టేజీ తగ్గితే ట్యూబులు అలుగుతాయి. నీ పాతదాన్ని గూడ పక్కనే కలిపి పెట్టుకో. ఇది ఆగితే అది వాయిస్తాది." ఈ మాట మాత్రం విన్నా. విననిది ఒక్కటే ఒకటి, ఆ ఒక్కటే నా కొంప ముంచింది.

ఇప్పుడు అసలు కథ మా ఇంట్లో. నా భార్య నాగవేణి నేతామె. ముందర గదిలో గుంత మగ్గం, దాని మీద జకార్డు. చీర అంచులో పూలు, నెమళ్ళు వచ్చేదానికి దారాలు పైకి లేపే పెట్టె అది. మాది ముసలిదైపోయింది. కాలు ఎంత గట్టిగా తొక్కినా కొక్కేలు సరిగ్గా లేవవు. పువ్వుకు ఒక రెక్క తక్కువ వస్తాంది. మోకాళ్ళకు రాత్రయితే నూనె రుద్దుకుంటాంది. పని ఇచ్చే షావుకారు గట్టిగా చెప్పేసినాడు, "అమ్మా, కొత్త జకార్డు పెట్టుకుంటే కొత్త డిజైన్ నీకే. ల్యాకుంటే వేరే ఇంటికి ఇచ్చేస్తా" అని. మేం చీటీ ఎత్తినాం. ఆ డబ్బుకు ఒకటే వస్తాది. ఆమె జకార్డన్నా రావాల, నా ట్యూబులన్నా రావాల.

మీరైతే ఏం చేస్తారు? మూడు నిమిషాల్లో తేల్చేస్తారు. నేను తెలివైనోన్ని కదా, మూడు దినాలు ఆలోచించినా! అంగడిలో కాగితాలకు కరువా? ఒక కాగితం మీద నిలువు గీత గీసి, ఒక పక్క "జకార్డు" అని రాసి, దాని కింద నాగవేణి మోకాళ్ళు, కొత్త డిజైన్, ఇల్లు గడవడం అని రాసినా. ఇంకో పక్క "ఆంప్లిఫయర్" అని రాసి, దాని కింద "వెచ్చదనం" అని రాసినా. రెండూ చూసి, "శానా టఫ్‌గా ఉండాదే, సమానంగా ఉండాయే" అనుకున్యా. ఇంకా బాగా ఆలోచించేదానికి ఆ కాగితం రెండు కాపీలు జెరాక్స్ గూడ తీసుకున్యా.

ఒక కాపీ నాగవేణికి దొరికింది. చదివింది. తిడుతుందనుకున్యా. తిట్టలే. మగ్గం దిగి వచ్చి, కండ్లు మూసుకొని చెయ్యి చాపింది. "ఆ బుట్టలో రెండు నూలు చిలపలు తీసి నా చేతిలో పెట్టు" అనింది. పెట్టినా. వేళ్ళతో ఇట్ల నలిపింది. "ఇది ఎనభై నంబరు దారం. ఇది నూరు, ఇంకా సన్నం." చిలపలకు కట్టిన చీటీలు చూసినా, కరెక్టే!

"మా నాయన నేర్పిచ్చింది ఇది. కండ్లు మోసం జేస్తాయి, రంగు సూసి మురిసిపోతాం అనేటోడు. నువ్వు గూడ అంతే. ఆ రెండు డబ్బాలూ కండ్లు మూసుకొని విను. నిజంగా అంత తేడా ఉండాదని నీ మనసుకు గట్టిగా అనిపిస్తే సెప్పు. జకార్డు సంగతి వచ్చే చీటీకి సూసుకుందాం. నేను ఏమనను."

చూడండప్పా ఆ మనిషి మంచితనం! నేను కొంచెమన్నా సిగ్గుపడాల కదా? పడలే. "మే, గాడిదకూ గుర్రానికీ తేడా తెలీదా నాకు! నిద్రలో గూడ చెప్తా!" అని మీసం తిప్పినా. "అయితే ఆదివారం నేనూ వస్తా, పక్కనే కూర్చొని వింటా" అనింది.

ఇంట్లో సంగతి తేలినంక, శుక్రవారం మళ్ళా ఆదోని పోయి ఆ పెట్టెను బస్సులో ఇంటికి తెచ్చినా. భాయ్ నడుం ఎందుకు పోయిందో బస్సు ఎక్కేటప్పుడు అర్థమైంది. కండక్టర్ "ఏందప్పా ఇది, ఫ్రిజ్జా?" అని లగేజీ టికెట్ కొట్టినాడు. గుంతల్లో బస్సు ఎగిరితే ట్యూబులు పగులుతాయని దాన్ని ఒళ్ళో పెట్టుకున్యా. ఎమ్మిగనూరులో దిగే టైముకు రెండు తొడలూ స్పర్శ లేదు. శనివారం ఇంట్లో వాయిద్దామంటే లైన్ పనులని పొద్దంతా కరెంటు తీసేసినారు. పెట్టెను తుడిచి, చూసి, మళ్ళా తుడిచినా. ఆదివారం పొద్దున మళ్ళా అదే ఆదోని, మళ్ళా అదే ఒళ్ళు, మళ్ళా అదే కండక్టర్. "ఏందప్పా, ఫ్రిజ్జు నచ్చలేదా?" అన్నాడు. నాగవేణి కిటికీ పక్కకు తిరిగి నవ్వుకుంది.

మండపంలో ఉగ్గాని బజ్జీ తిని స్టేజీ ఎక్కినా. ట్యూబ్ పెట్టెను ముందర, అందరికీ కనపడేట్ల, పట్టు గుడ్డ పరిచి పెట్టినా. పెండ్లికొడుక్కు గూడ అంత మర్యాద జరిగి ఉండదు. రేకు డబ్బాను పూలకుండీ చాటున దాచినా. ఒక కొన గిటారుకు, రెండు కొనలు రెండు పెట్టెలకు పోయే వైరు ఉంటాది కదా, దాంతో రెండింటినీ కలిపినా. వైరు బాగుండాదా లేదా అని రేకు డబ్బా వాల్యూమ్ పెంచి టంగుమని ఒకసారి మీటినా. బాగుండాది. తర్వాత ట్యూబ్ పెట్టె ఎనక స్విచ్ వేసినా. అబ్బా, ఆ ట్యూబులు మెల్లగా ఎర్రబడతాంటే! ప్రకాశు వచ్చి చూసి, "అన్నా, దీపావళే!" అన్నాడు. అప్పుడే తాళి కట్టడం అయిపోయింది. పెండ్లికూతురు నాయన కింద నుంచి, "ఏందప్పా అట్ల చూస్తాండారు, పాట ఎత్తుకోండి!" అని అరిచినాడు. గబగబా గిటారు మెడకు తగిలించుకున్యా.

మొదటి తీగ మీటినా.

అప్పా... ఏం చెప్పాల! కండ్లు వాటంతట అవే మూసుకున్నాయి. సౌండు గుండ్రంగా, మెత్తగా, కాచిన నెయ్యి మాదిరి వస్తాంది! నా మీద ఒట్టు, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఇన్నేండ్లు ఆ రేకు డబ్బాలో ఏం విన్యానురా దేవుడా అని నా మీద నాకే జాలేసింది. పాటకూ పాటకూ మధ్య ట్యూబ్ పెట్టె మీద నాబులు తిప్పుతాంటి. "ట్రెబుల్ రొంత ఎక్కువైంది" అని ఒకటి తగ్గిస్తి. "ఆఁ, ఇప్పుడు విను!" అంటి. ప్రకాశు, "అవునన్నా, ఇప్పుడు ఇంకా బాగుండాది!" అనె. ఇంకోటి పెంచితి. "ఇప్పుడు?" అంటి. "సూపర్ అన్నా!" అనె. చివరికి అన్ని నాబులూ ఫుల్లుకు తిప్పి పెట్టినా. ఎంత తిప్పినా సౌండు పగలడంల్యా, అదే మెత్తదనం! క్వాలిటీ అంటే ఇదిరా అనుకున్యా.

అంతటితో ఊరకుండొచ్చు కదా? ఊరకుంటే నేనెట్ల అవుతా! మైకు తీసుకున్యా. "సభకు నమస్కారం. ఈ దినం మీరు వింటాండేది మామూలు సౌండు కాదు. ఇది ట్యూబ్ ఆంప్లిఫయర్. దీనికీ మామూలు డబ్బాకూ తేడా చెవులుండే ఎవరికైనా తెలుస్తాది" అని చెప్పినా. జనం చప్పట్లు కొట్టినారు. పెండ్లికొడుకు మేనమామ దగ్గరికొచ్చి ట్యూబుల మీద చెయ్యి కాచుకొని, "నిజమేప్పా, వెచ్చగానే ఉండాది" అన్నాడు.

ఆ పెండ్లికి మైక్ సెట్ పెట్టిన సులేమాన్ భాయ్ ఆ టైముకు పక్క హాల్లో భోజనం దగ్గర ఉండాడు. ఓళిగ మీద నెయ్యి వేసుకొని తీరిగ్గా తిని, చెయ్యి తుడుచుకుంటా వచ్చినాడు. చూస్తానే మైకులోనే చెప్పేసినా, "భాయ్, నేను తీసుకుంటాండా! ఇంగ ఆలోచన లేదు!" అని. తర్వాత నాగవేణి దిక్కు తిరిగి, "విన్యావా మే? కండ్లు మూసుకొనే చెప్తాండా!" అన్నా.

చూస్తే ఆమె కుర్చీలో లేదు. స్టేజీ మీద, నా పెట్టె ముందర మోకాళ్ళ మీద కూర్చొని ఉండాది. నేతామె కదా, యాడ కొత్త గుడ్డ కనపడినా ముట్టుకొని చూడాల్సిందే. పెట్టె ముందర ఉండే గుడ్డ మీద అరచెయ్యి పెట్టి, "నేత బాగుండాది, దారం మందం" అంటాంది. తర్వాత ఏమనుకునిందో ఏమో, రెండో చెయ్యి చాపి పూలకుండీ ఎనక రేకు డబ్బా గుడ్డ మీద పెట్టింది.

"ఏమయ్యా, ఇంకోసారి వాయించు."

వాయించినా.

"మళ్ళా."

మళ్ళా వాయించినా, ఈసారి కండ్లు మూసుకొని.

"పాతదాని గుడ్డ అదురుతాంది. ఈ కొత్తది కదలడంల్యా. నీకు తెలిసే సేస్తాండావా?" అని అడిగింది.

నా చేతిలో మైకు ఉండాది. ఆన్‌లోనే ఉండాది. ఆ మైకులో నేనేమన్నానో తెలుసా? "మే, నీకు తెలీదులే. ట్యూబ్ అంటే అట్లనే ఉంటాది. గుడ్డను అదరగొట్టడం చీప్ డబ్బాల పని. ఇది సౌండును మెత్తగా గాల్లోకి వదుల్తాది!" యాడ్నుంచి వచ్చిందప్పా ఆ సైన్సు నా నోట్లోకి? మూడు నెలల చదువు అట్ల బయటపడింది.

భాయ్ స్టేజీ ఎక్కినాడు. పెట్టె ఎనక్కి పోయి వంగి చూసినాడు. నడుం నొప్పి గూడ మర్చిపోయి లేచి నిలబడి, పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టినాడు. "అరె భాయ్! రెండో స్విచ్ వెయ్యలే కదా నువ్వు! ఒకటి ట్యూబులు వేడెక్కేదానికి, రెండోది సౌండు వచ్చేదానికి. అది స్టాండ్‌బైలోనే ఉండాది. పొద్దున్నుంచి దీంట్లోనుంచి ఒక్క చుక్క సౌండు రాలే!"

అది గూడ మైకులో పడింది.

అంటే ఏందప్పా? వైరు చూసుకునేదానికి రేకు డబ్బా వాల్యూమ్ పెంచినా కదా, తగ్గించడం మర్చిపోయినా. ఆ నెయ్యి, ఆ గుండ్రదనం, నా కండ్లల్లో నీళ్ళు, అన్నీ పూలకుండీ ఎనక నుంచి ఆ రేకు డబ్బాగాడు పంపించినవి! నేను తిప్పిన నాబులన్నీ ఉత్తుత్తి నాబులు. ప్రకాశు ముఖం చూసినా. వాడు మెల్లగా కీబోర్డు మీద చెయ్యి పెట్టి, "అన్నా, ఇది ఇంకా సల్లగానే ఉండాదా?" అన్నాడు.

అక్కడితో అయిపోలే. భాయ్ చెయ్యి చాపి ఆ రెండో స్విచ్ వేసినాడు. నాబులన్నీ ఫుల్లుకు తిప్పి పెట్టినా కదా! "గీఁఁఁ..." అని ఒక కేక వేసింది చూడండి ఆ పెట్టె! పందిట్లో చంటిపిల్ల ఎక్కి ఎక్కి ఏడ్చింది. పక్క హాల్లో వడ్డించేటోడి చేతిలోనుంచి సాంబారు బకెట్టు జారింది. పెండ్లికూతురు నాయన చెవులు మూసుకొని, "అప్పా, నీకు దండం పెడతా, చెవులుండేటోళ్ళకు తెలిసే ఆ మిషను ఆపు!" అని అరిచినాడు. ఇంత గందరగోళంలో నాగవేణి మాత్రం గుడ్డ మీద చెయ్యి తీయకుండా, "ఆఁ, ఇప్పుడు అదురుతాంది" అనింది.

తర్వాత సరిగ్గా సెట్ చేసి వాయించినారు కదా, ట్యూబ్ సౌండు నిజంగా బాగుండాదా అంటారా? తెలీదప్పా. భాయ్ వాయించి వినిపించినాడు, నేనూ విన్యా. మెచ్చుకునే ధైర్యం రాలే.

భాయ్ తన పెట్టె తాను సర్దుకున్నాడు. పోతా పోతా నా భుజం తట్టి, "భాయ్, నీ రేకు డబ్బా అమ్ముతావా? మంచి వెచ్చదనం ఉండాది" అన్నాడు. ఆ ముసలాయన ఆ మాట ఆదోని మొత్తం చెప్పి ఉంటాడు ఈ పాటికి.

బస్సులో ఎమ్మిగనూరు వచ్చేవరకు నాగవేణి కిటికీలోనుంచి బయటికే చూస్తా కూర్చుంది. అదే నాకు కష్టమైంది. తిట్టి ఉంటే బాగుండు. దిగేటప్పుడు మోకాలు పట్టుకొని మెల్లగా దిగింది. అప్పుడు తగిలిందప్పా నాకు లోపల. ఆ మోకాళ్ళను ఒక కాగితంలో రాసి, పక్కన "వెచ్చదనం" అని రాసి, రెండూ సమానమనుకున్నోన్ని నేను. ఆమె వచ్చే చీటీ వరకు ఆగుతానని గూడ అనింది. "మే, రేపే జకార్డు చెప్తాం" అన్నా. "నీ మనసుకు గట్టిగా అనిపిస్తాందా?" అని అడిగి, అప్పుడు మొదలుపెట్టింది నవ్వడం. ఇంకా ఆపలే.

సోమవారం చీటీ డబ్బు తీసుకొని పోయి జకార్డు చెప్పినాం. నిన్న సాయంత్రం గోనెపట్టాలో చుట్టి ఇంట్లో దించి పోయినారు. ఈపొద్దు పొద్దున నేను లేచేసరికి ముందర గదిలో మగ్గం ఆడతాంది. టీ గ్లాసు పట్టుకొని పోయి అక్కడ కూర్చున్యా. గ్లాసు పక్కన పెట్టి, కండ్లు మూసుకొని విన్యా. మనసు నిండిపోయింది. తప్పు చేసినోన్ని కదా, ఒక మంచి మాటన్నా చెప్దామనిపించింది.

"అబ్బా, కొత్త జకార్డు సౌండే వేరు మే! పాతదాని కిరకిర యాడ, దీని మెత్తదనం యాడ!" అన్నా.

మగ్గం ఆగింది. నాగవేణి నా ముఖం చూసింది, తర్వాత నా చెయ్యి పక్కకు చూసింది.

"కొత్తది ఇంకా బిగించలేదయ్యా. ఇది పాతదే. నువ్వు టీ గ్లాసు పెట్టుకున్యావే, ఆ మూట, అది కొత్తది."